పోలీసు ఎవరి చేతిలో ఉండాలి: రాష్ట్రం చేతిలోనా, కేంద్రం చేతిలోనా?

ఆకివీడు చెరువుగట్టు

సభ్యులందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ మీరు రాసేవి చదువుతున్నానే గాని నేను రాయడం ఇదే మొదలు. నాకు జరిగింది చెప్పి, దాని నుంచి పుట్టిన ప్రశ్నను మీ ముందు పెడతాను.

పోయిన వేసవి పట్టుబడిలో నాలుగు టన్నుల రొయ్యలు, 40 కౌంటు (కిలోకు నలభై తూగే) సరుకు, పొరుగు రాష్ట్రం నుంచి వచ్చిన ఒక వ్యాపారికి ఇచ్చాను. అంతకుముందు రెండు పట్టుబడులకూ అతడు గట్టు మీదే డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. అందుకే మూడోసారి పది రోజుల గడువు అడిగితే కాదనలేకపోయాను. ఐసు వేసి సరుకు లారీకెక్కించిన మర్నాటి నుంచి అతడి ఫోను పలకలేదు. స్టేషనుకు వెళితే ఇది డబ్బుల వ్యవహారం, కోర్టులో తేల్చుకోండన్నారు. నెల రోజులు తిరిగితే గాని కేసు కట్టలేదు. కేసు కట్టాక, నిందితుడు వేరే రాష్ట్రంలో ఉన్నాడు గనుక పై అధికారుల అనుమతి కావాలన్నారు, మనుషులు లేరన్నారు, దారి ఖర్చుల మాట కూడా మెల్లగా కదిపారు. చివరికి ఇద్దరు కానిస్టేబుళ్లు వెళ్లారు. అక్కడి స్టేషనువారు ఒక పూటంతా కూర్చోబెట్టి, ఆ పేరుగలవాడు ఊళ్లో లేడని చెప్పి పంపేశారట.

చెరువు లీజు, మేత అప్పు నా నెత్తిన ఉన్నాయి. ఇక నా ప్రశ్న. ఆదాయపు పన్ను వారికి, రైల్వే వారికి రాష్ట్రాల సరిహద్దులు అడ్డురావు. పోలీసుకు మాత్రమే ఎందుకు అడ్డురావాలి? దేశమంతటికీ ఒకే పోలీసు ఉండి, దాన్ని కేంద్రమే నడిపితే నాలాంటివాడికి న్యాయం త్వరగా దొరకదా?

పాలకొల్లు ప్లీడరు

మీ నష్టానికి విచారిస్తున్నాను. ముందుగా చట్టం ఎక్కడ నిలబడి ఉందో చెబుతాను, మంచిచెడ్డలు తర్వాత మాట్లాడుకుందాం.

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితా మొదటి పద్దు శాంతిభద్రతలు, రెండో పద్దు పోలీసు. ఆ రెండో పద్దులోనే రైల్వే పోలీసు, గ్రామ పోలీసు కూడా ఉన్నాయి. నిడదవోలు జంక్షనులో రైల్వేవారి ఇనుము పోతే కేంద్రానికి చెందిన రైల్వే రక్షణ దళం (ఆర్పీఎఫ్) చూస్తుందని, అదే ప్లాట్‌ఫారం మీద మీ సంచి పోతే రాష్ట్రానికి చెందిన రైల్వే పోలీసు (జీఆర్పీ) కేసు కడుతుందని చాలామందికి తెలియదు. నేర శిక్షాస్మృతి, దాని విచారణ పద్ధతి, కేంద్రమూ రాష్ట్రమూ రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలోవి. అంటే, ఏది నేరమో ఎక్కువగా పార్లమెంటు నిర్ణయిస్తుంది, నేరం చేసినవాణ్ని పట్టుకునే మనిషికి మాత్రం రాష్ట్రం జీతమిస్తుంది. 2019 డిసెంబరులో మన శాసనసభ ఆమోదించిన, మహిళలపై నేరాలకు త్వరగా శిక్ష పడాలన్న దిశ బిల్లు రాష్ట్రపతి ఆమోదం దొరకక నిలిచిపోవడానికి మూలం ఈ ఉమ్మడి జాబితాయే.

సీబీఐ సంగతి వేరు. అది 1946 నాటి ఢిల్లీ ప్రత్యేక పోలీసు చట్టం కింద నడుస్తుంది, ఆ చట్టం 6వ సెక్షను ప్రకారం రాష్ట్రం సమ్మతిస్తేనే రాష్ట్రంలో కాలు పెట్టగలదు. ఆ సాధారణ సమ్మతిని ఆంధ్రప్రదేశ్ 2018 నవంబరులో వెనక్కి తీసుకుంది, ప్రభుత్వం మారాక 2019 జూనులో మళ్లీ ఇచ్చింది. ముంబయి దాడుల తర్వాత 2008లో పుట్టిన జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏకు మాత్రం ఆ సమ్మతి అక్కరలేదు, కానీ దాని చట్టానికి అనుబంధంగా ఉన్న జాబితాలోని నేరాలకే దాని పని పరిమితం. రొయ్యల బాకీ ఆ జాబితాలో లేదు.

ఇంకొక మాట. మన పోలీసు వేరే రాష్ట్రానికి వెళ్లి అరెస్టు చేయడానికి చట్టంలో అడ్డేమీ లేదు, నిందితుణ్ని దేశంలో ఎక్కడికైనా వెంటాడి పట్టుకునే అధికారం అతడికి ఉంది. కనుక మీకు ఎదురైన గోడ సరిహద్దుది కాదని నా అభిప్రాయం.

నరసాపురం జవాను

ప్లీడరు గారు గోడ లేదంటున్నారు. దాని ముందు నిలబడినవాళ్లను అడిగితే ఉందనే చెబుతారు.

నేను కేంద్ర రిజర్వు పోలీసు దళం సీఆర్పీఎఫ్‌లో 22 సంవత్సరాలు పనిచేసి వచ్చాను. మా దళం 1939లో నీమచ్‌లో మొదలైంది, 1949లో ఇప్పటి పేరు వచ్చింది. శాంతిభద్రతలు రాష్ట్రాల హక్కు అనే ముఖ్యమంత్రులే, ఊళ్లో నాలుగు ఇళ్లు తగలబడగానే కేంద్ర బలగాలు పంపమని ఢిల్లీకి ఉత్తరం రాస్తారు. ఎన్నికల బందోబస్తుకు మేము ఏ ఊరికి వెళ్లినా, పోలింగు కేంద్రం దగ్గర స్థానిక పోలీసును కాకుండా మమ్మల్ని చూశాకే వరుసలోకి వచ్చి నిలబడిన ఆడవాళ్లను, బడుగు వాడల వాళ్లను నేను కళ్లారా చూశాను. కారణం తేలికే. మాకు ఆ ఊళ్లో చుట్టమూ లేడు, పగవాడూ లేడు, మమ్మల్ని బదిలీ చేయించగల ఎమ్మెల్యే అంతకంటే లేడు.

2023 నవంబరు 30న నాగార్జునసాగర్ ఆనకట్ట మీద ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. ఒకే భాష మాట్లాడే రెండు రాష్ట్రాల పోలీసులు గేట్ల దగ్గర ఎదురెదురుగా మోహరించారు, చివరికి ఆనకట్టను సీఆర్పీఎఫ్ కాపలాలో పెట్టవలసి వచ్చింది. 2021 జూలైలో అస్సాం, మిజోరం పోలీసుల మధ్య కాల్పులే జరిగి అస్సాం పోలీసులు చనిపోయారు. ఒకే దేశపు ఖాకీలు ఒకరినొకరు కాల్చుకునే ఏర్పాటును సమాఖ్య స్ఫూర్తి అని మెచ్చుకోవడం నా వల్ల కాదు.

రాజోలు మాస్టారు

జవాను గారి అనుభవాన్ని గౌరవిస్తూనే కొంత చరిత్ర చెప్పాలనిపిస్తోంది. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని, క్షమించాలి.

మన డెల్టాకు ఇప్పుడున్న పోలీసు వ్యవస్థ కలకత్తా నుంచో ఢిల్లీ నుంచో దిగినది కాదు. మద్రాసు రాజధానికి 1859లో 24వ నంబరు చట్టంగా జిల్లా పోలీసు చట్టం వచ్చింది. దేశవ్యాప్తమైన పోలీసు చట్టం, 1857 తిరుగుబాటు భయం ఇంకా ఆరని రోజుల్లో, 1861లో వచ్చింది. కోస్తా జిల్లాల్లో నేటికీ మూలచట్టం ఆ మద్రాసుదే. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం పోలీసును రాష్ట్రాల జాబితాలో పెట్టింది, రాజ్యాంగ నిర్మాతలు దాన్ని అలాగే ఉంచారు.

కేంద్ర బలగం, స్థానిక బలగం అనే తేడా మన గోదావరి మన్యానికి కొత్త కాదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లను వరుసగా మూడు రోజుల్లో ముట్టడించి తుపాకులు పట్టుకుపోయాడు. స్థానిక పోలీసు చేతులెత్తేసింది. మలబారు నుంచి ప్రత్యేక పోలీసును తెచ్చారు. చివరికి అస్సాం రైఫిల్సును దింపారు. మన్యం భాష, మన్యం దారి తెలియని వారితో ఆ ఉద్యమాన్ని అణచగలిగారు. అణచడానికి తెలియనివాడే పనికొస్తాడు. రాత్రి దొంగతనం జరిగితే ఎవరి మీద అనుమానపడాలో తెలియాలంటే మాత్రం ఊరు తెలిసినవాడే కావాలి.

మా నాన్నగారి కాలంలో గ్రామ మునసబు ఉండేవారు. ఊళ్లో అనుమానాస్పదంగా ఎవరైనా చనిపోతే స్టేషనుకు మొదటి కబురు మునసబు చేత, తలారి చేత వెళ్లేది. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం మునసబు, కరణం పదవులను ఎత్తివేసింది. వంశపారంపర్యపు పెత్తనం పోయినందుకు సంతోషించినవాళ్లలో నేనూ ఒకణ్ని. కానీ ఊరికీ స్టేషనుకూ మధ్య ఉన్న ఆ తీగ తెగిపోయాక దాని స్థానంలో చాలాకాలం ఏదీ రాలేదు. 2019లో గ్రామ సచివాలయాల్లో మహిళా పోలీసులను పెట్టినప్పుడు మళ్లీ ఆ తీగ కలిపే ప్రయత్నం కనిపించింది. వారి చేత ఎన్ని రకాల సర్వేలు చేయించారన్నది వేరే కథ.

గౌతమి ఒడ్డు, యానాం

మీరంతా ఆంధ్రలో కూర్చుని కేంద్రం వస్తే ఎలా ఉంటుందని ఊహిస్తున్నారు. మేము 1954 నుంచి కేంద్రం పాలనలోనే ఉన్నాము, కనుక మా సంగతి వినండి.

యానాం సుమారు 30 చదరపు కిలోమీటర్ల ఊరు. మూడు వైపులా ఆంధ్ర, ఒక వైపు గౌతమీ గోదావరి, అవతలి గట్టున మళ్లీ ఆంధ్రే. మా పోలీసుల పై అధికారులు 800 కిలోమీటర్లకు పైగా దూరాన పుదుచ్చేరిలో ఉంటారు, అక్కడి ఐపీఎస్‌లు ఢిల్లీ, గోవా, అరుణాచల్, మిజోరంలకు కూడా కలిపి ఉన్న ఒకే కేడరు నుంచి వస్తారు. పుదుచ్చేరికి శాసనసభ ఉంది, హోం మంత్రి ఉన్నారు, వారి పైన కేంద్రం పంపిన లెఫ్టినెంట్ గవర్నరు ఉన్నారు. ఢిల్లీకైతే ఆ కాస్తా లేదు. రాజ్యాంగం 239ఏఏ అధికరణం శాంతిభద్రతలను, పోలీసును, భూమిని అక్కడి శాసనసభకు అందకుండా పెట్టింది.

మూడేళ్ల కిందట ఒక సాయంత్రం యెదుర్లంక వంతెన చివర మా కళ్ల ముందే మోటారుసైకిలు పడి ఒక కుర్రవాడికి తల పగిలింది. ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి పంపాము, బతికాడు. తర్వాత వచ్చిన ఇద్దరు పోలీసులు, ఒకరు ఇటు నుంచి, ఒకరు అటు నుంచి, రోడ్డు మీద ఎండిన నెత్తుటి మరక వంతెన ఏ స్తంభానికి ఎదురుగా ఉందో అడుగులు వేసి కొలుచుకున్నారు. మరక తమ వైపు లేదని ఇద్దరూ తేల్చారు. ఆ కుర్రవాడి తండ్రి రెండు గంటలసేపు ఆ ఇద్దరి మధ్య నిలబడ్డాడు. సరిహద్దు ఉన్నచోట జరిగేది ఇది, జవాను గారి మాట నిజమే.

కానీ రెండో వైపు కూడా ఉంది. 2012 జనవరిలో మా ఊరి టైల్సు కర్మాగారంలో కార్మిక నాయకుడి మరణం తర్వాత అల్లర్లు చెలరేగి, ఆ సంస్థ ఉన్నతాధికారి ఒకరు హత్యకు గురయ్యారు, కర్మాగారం తగలబడింది. ఆ వేళ పుదుచ్చేరి నుంచి బలగం రావాలంటే ఎన్ని గంటలు పడుతుందో లెక్కవేసుకోండి. ఆపదలో ఆదుకున్నది పక్కనున్న ఆంధ్ర పోలీసులే. జెండా ఎవరిదైనా సరే, అరగంటలో రాగలిగినవాడే మాకు పోలీసు.

రామచంద్రపురం విశ్రాంత హెడ్డు

నేను 34 ఏళ్లు ఖాకీ వేసుకుని హెడ్ కానిస్టేబులుగా దిగిపోయాను. పెద్ద మాటలు నాకు రావు, చూసింది రాస్తాను.

ముందు రొయ్యల రైతు గారికి. ఇతర రాష్ట్రానికి నిందితుడి కోసం నేను నాలుగుసార్లు వెళ్లాను. అక్కడికి చేరగానే స్థానిక స్టేషనులో జీడీలో, అంటే రోజువారీ డైరీలో, మన రాక రాయించాలి. వాళ్లు రాస్తారు, తర్వాత ఆ వీధికి దారి చూపించే మనిషి కోసం సాయంత్రం దాకా కూర్చోవాలి. ఆ లోపల కబురు వెళ్లవలసిన చోటికి వెళ్లిపోతుంది. భాష రాదు. మన ఎస్కార్టు డబ్బులు తర్వాత ఎప్పుడో వస్తాయి, రైలు టిక్కెట్టు మాత్రం ఆ రోజే కొనాలి. ఒకసారి నిందితుణ్ని పట్టుకుని, అక్కడి కోర్టులో, మన రాష్ట్రానికి తెచ్చుకునేందుకు ట్రాన్సిట్ వారెంటు తీసుకుని, బేడీలు లేకుండా జనరల్ పెట్టెలో పక్కన కూర్చోబెట్టుకుని తెచ్చాను. విజయవాడ దాటేవరకు నా ఎడమచేయి వాడి చొక్కా వదల్లేదు.

ఇక రాష్ట్రమా, కేంద్రమా అన్న సంగతి. సంక్రాంతి వస్తోందంటే డిసెంబరు నుంచే మాకు ఆదేశాలు వస్తాయి. కోడిపందేలు ఆడకూడదని 1974 నాటి గేమింగు చట్టం ఉంది, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఉంది, ఆపి తీరాలన్న హైకోర్టు ఆదేశాలు ఉన్నాయి. మేము కోడికత్తులు తయారుచేసేవాళ్లను, పాత బరుల నిర్వాహకులను పిలిచి తప్పు చేయమని పూచీ రాయించుకుని బైండోవరు చేస్తాము, బరులను ట్రాక్టరుతో దున్నిస్తాము, పత్రికలకు ఫొటో ఇస్తాము. భోగినాడు తెల్లవారేసరికి అదే పొలంలో షామియానాలు లేస్తాయి, పక్కనే గుండాట బల్లలు పడతాయి, మొదటి కోడిని వదిలేది ఎవరో నేను రాయక్కరలేదు, మర్నాటి పేపరులో ఫొటో వస్తుంది. మూడు రోజులు స్టేషను మొత్తం ట్రాఫిక్కు చూసుకుంటుంది.

ఏ పార్టీ ప్రభుత్వంలోనూ ఇందులో తేడా నేను చూడలేదు. అడ్డుపడిన ఎస్సై ఒకాయన నా సర్వీసులో ఉన్నాడు. కుర్రవాడు, నిజాయితీపరుడు. కనుమ వెళ్లిన వారానికి ఆయన్ని వీఆర్‌లో, అంటే ఏ స్టేషనూ ఇవ్వకుండా పక్కన, వేశారు. వెళ్లేముందు రైటరు బల్ల దగ్గర నిలబడి, తన డ్రాయరులోని సొంత పెన్నులు లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. ఒక్క మాట అనలేదు. బదిలీ కాగితం ఎవరి సంతకంతో వస్తుందో, స్టేషను వారి మాటే వింటుంది. ఆ సంతకం అమరావతి నుంచి ఢిల్లీకి మారితే, మన ఎమ్మెల్యే చేసే పని అక్కడ ఎంపీ చేస్తాడు.

కాకినాడ విద్యార్థిని

హెడ్డు గారికి నమస్కారం, మీరు రాసిన ఆ పెన్నుల సంగతి నా మనసులోంచి పోవడం లేదు.

నేను రాజనీతిశాస్త్రంలో ఎంఏ చదువుతున్నాను. ఈ వాదం మన దేశానిది మాత్రమే కాదు. స్కాట్లండులో ఎనిమిది ప్రాంతీయ పోలీసు దళాలు ఉండేవి, వాటిని 2013 ఏప్రిల్ 1న కలిపి ఒకే దళం చేశారు. ఖర్చు తగ్గుతుందని, నైపుణ్యం అందరికీ అందుతుందని చెప్పారు. స్థానిక కంట్రోల్ రూములను మూసివేసి పనిని కొద్దిచోట్లకు చేర్చే క్రమం కూడా మొదలైంది. 2015 జూలైలో ఒక హైవే పక్కన గట్టు కింద కారు పడి ఉందని ఒకరు ఫోను చేశారు, ఆ కాల్ కంప్యూటరులోకి ఎక్కలేదు. మూడు రోజుల తర్వాత చూస్తే కారులో ఒకరు చనిపోయి ఉన్నారు, రెండోవారు ప్రాణాలతో ఉండి తర్వాత ఆసుపత్రిలో మరణించారు. ఆ లోపానికి ఆ పోలీసు సంస్థకు 2021లో కోర్టు లక్ష పౌండ్ల జరిమానా వేసింది. అదే బ్రిటన్‌లో ఉత్తర ఐర్లండు పోలీసు వ్యవహారాలను 2010 ఏప్రిల్‌లో లండను నుంచి స్థానిక ప్రభుత్వానికి అప్పగించారు. వేల్సుకు మాత్రం ఇప్పటికీ అప్పగించలేదు, అప్పగించాలని అక్కడి కమిషన్లు చెప్పినా కూడా.

జర్మనీ పాఠం ఇంకా గట్టిది. అక్కడి ప్రాంతీయ పోలీసులన్నిటినీ 1936లో నాజీ నాయకుడు హిమ్లర్ కిందికి తెచ్చారు, తర్వాత ఏమైందో అందరికీ తెలుసు. యుద్ధం ముగిశాక, పోలీసు మళ్లీ ఒకే చేతిలో పడకూడదనే ఉద్దేశంతోనే దాన్ని రాష్ట్రాలకు తిరిగి ఇచ్చారు. జవాను గారు కోరుతున్న ఏకైక పోలీసు మంచి ప్రభుత్వం చేతిలో బాగానే ఉండవచ్చు. చెడ్డ ప్రభుత్వం వచ్చిన రోజున, ఇప్పుడైతే ఒక రాష్ట్రం పాడవుతుంది, అప్పుడు పారిపోవడానికి పక్క రాష్ట్రం కూడా ఉండదు.

నరసాపురం జవాను

అమ్మాయీ, బాగా చదివావు. అయినా జర్మనీని తెచ్చి నా మీద పెట్టడం న్యాయం కాదు. ఫ్రాన్సులో జాతీయ పోలీసు, పల్లెల్లో పోలీసు పని చేసే సైనిక దళం జెండార్మరీ రెండూ జాతీయ ప్రభుత్వానివే, ఆ దేశం ప్రజాస్వామ్యంగానే ఉంది.

నా వాదంలోని లోపం నేనే ఒప్పుకుంటాను. ఒక రాష్ట్రంలో, పేరెందుకులే, అల్లర్ల తర్వాత మా కంపెనీని ఒక పట్టణంలో దించారు. మాకు ఇచ్చిన మ్యాపు పాతది. రాళ్లు ఎటు నుంచి వస్తున్నాయో తెలియక, రాళ్లు వేసేవాళ్ల వీధికే మంచినీళ్లు అడగడానికి వెళ్లాము. ఒక ముసలి హోంగార్డు పరుగున వచ్చి మా లారీని వెనక్కి తిప్పించాడు. అతడే లేకపోతే నేను ఇక్కడ రాస్తూ ఉండేవాణ్ని కాదేమో.

అమలాపురం గృహిణి

2022 మే 24 గురించి ఎవరైనా రాస్తారేమోనని ఇంతవరకు ఆగాను. కొత్త జిల్లాకు అంబేద్కరు పేరు చేర్చడంపై మొదలైన ఆందోళన ఆ సాయంత్రానికి ఒక మంత్రి ఇంటిని, ఒక ఎమ్మెల్యే ఇంటిని తగలబెట్టేవరకు వెళ్లింది. పోలీసులకూ దెబ్బలు తగిలాయి. పొరుగు జిల్లాల నుంచి బలగాలు వచ్చాయి, 144 సెక్షను పెట్టారు, రోజుల తరబడి ఇంటర్నెట్టు ఆపేశారు. మా తమ్ముడు ఇంటి నుంచి కంపెనీ పని చేసుకునేవాడు. సిగ్నలు కోసం లాప్‌టాపు సంచీ భుజాన వేసుకుని తెల్లవారుజామునే బయలుదేరి గోదావరి దాటేవాడు.

ఆ రోజు పోలీసుకు ముందే తెలియలేదా, తెలిసీ తక్కువ అంచనా వేసిందా అన్నది నేను తేల్చలేను. మంత్రి ఇల్లు తగలబడిన ఊళ్లో, పోలీసు పాలకపక్షం మనిషే కనుక వారిని కాపాడుతుందన్న లెక్క మాత్రం తప్పింది. ఢిల్లీ నుంచి దళం వచ్చి ఉంటే ఇంకా మేలు జరిగేదన్న నమ్మకమూ నాకు లేదు. మా వీధిలో ఎవరి మాట ఎవరు వింటారో తెలిసిన ఒక ఏఎస్సై, రెండు వైపుల పెద్దలకూ రాత్రంతా ఫోన్లు చేస్తూ మా సందు మొదట్లోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆయన ఈ ఊరివాడు కాకపోతే ఆ ఫోన్లు ఎవరూ ఎత్తేవారు కాదు.

నిర్వాహకుడు

దీని తర్వాత వచ్చిన మూడు వ్యాఖ్యలను తొలగించాను. ఆ రోజు తప్పు ఏ పార్టీది, ఏ వర్గానిది అన్న తగవుకు ఇక్కడ చోటు లేదు. పోలీసు ఎవరి అధీనంలో ఉండాలన్న విషయానికే పరిమితం కావలసిందిగా మనవి.

పాలకొల్లు ప్లీడరు

ఇంటర్నెట్టు సంగతి వచ్చింది గనుక ఒక చిన్న సవరణ. అప్పట్లో దాన్ని ఆపే నిబంధనలు 2017లో కేంద్రం చేసినవి, వాటి కింద ఉత్తర్వు ఇవ్వవలసింది కేంద్ర హోం కార్యదర్శి గాని, రాష్ట్ర హోం కార్యదర్శి గాని. కేంద్రం రాసిన అధికారాన్ని రాష్ట్రం వాడుకోవడంలో ఇద్దరికీ ఎప్పుడూ పేచీ రాదు.

హెడ్డు గారు చెప్పిన సంతకం దగ్గరకు వద్దాం, అసలు విషయం అక్కడే ఉందని నేననుకుంటున్నాను. మన పోలీసు ఇప్పటికే కొన్ని వారాలపాటు రాష్ట్రం చేతిలో గాని, కేంద్రం చేతిలో గాని లేకుండా పనిచేస్తోంది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 28ఏ సెక్షను ప్రకారం, ఎన్నికల విధుల్లో ఉన్న పోలీసు అధికారులు ఆ కాలమంతా ఎన్నికల సంఘానికి డెప్యుటేషను మీద ఉన్నట్టు లెక్క. 2024 మేలో పోలింగుకు ముందు డీజీపీని మార్చింది ఎన్నికల సంఘమే, పోలింగు తర్వాతి హింసకు పల్నాడు, అనంతపురం ఎస్పీలను సస్పెండు చేయించింది కూడా అదే. మనుషులు వారే, టోపీలు అవే. సంతకం ఒక్కటే మారింది, ప్రవర్తన ఎంతో కొంత మారింది.

దీన్ని శాశ్వతంగా చేయాలని ఎవరూ అనరు, ఎన్నికైన ప్రభుత్వానికి జవాబు చెప్పని పోలీసు ఇంకొక ప్రమాదం. కానీ సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో చెప్పింది దీనికి దగ్గరలోనే ఉంది. పిటిషను వేసిన ప్రకాశ్ సింగ్ ఒకప్పుడు ఉత్తరప్రదేశ్ డీజీపీ, సరిహద్దు భద్రతా దళాధిపతి. 1996లో వేసిన కేసుకు పదేళ్ల తర్వాత తీర్పు వచ్చింది. పోలీసుకు విధానం నిర్దేశించడానికి ప్రతిపక్ష నాయకుడికి కూడా చోటుండే రాష్ట్ర భద్రతా కమిషను ఉండాలని, డీజీపీని యూపీఎస్సీ ఎంపిక చేసిన ముగ్గురిలోంచి తీసుకుని రెండేళ్లు కదపకూడదని, ఎస్పీకీ స్టేషను అధికారికీ కూడా కనీసం రెండేళ్ల స్థానం ఉండాలని, దర్యాప్తును శాంతిభద్రతల నుంచి విడదీయాలని, బదిలీలను పోలీసు అధికారుల బోర్డు చూడాలని, పోలీసు మీద ఫిర్యాదులకు రాష్ట్రంలోనూ జిల్లాలోనూ ప్రత్యేక సంస్థలు ఉండాలని ఆదేశించింది. పోలీసు సంస్కరణల కోసం 1977లో వేసిన ధర్మవీర కమిషను ఎనిమిది నివేదికల్లో దాదాపు ఇదే మొత్తుకుంది. రాష్ట్రాలు కొత్త చట్టాలు చేసి, ఆ చట్టాలలోనే ఆదేశాలను నీరుగార్చాయి. కేంద్రం తన చేతిలో ఉన్న ఢిల్లీలో ఆదర్శంగా చేసి చూపించిందా అంటే, అదీ లేదు.

రామచంద్రపురం విశ్రాంత హెడ్డు

దర్యాప్తును విడదీయాలన్న మాట ఒక్కటి జరిగినా రొయ్యల రైతు గారి కేసు కదిలేది. మా స్టేషనులో దర్యాప్తు చేయవలసిన అధికారే ఉదయం మంత్రి గారి పర్యటన బందోబస్తుకు, మధ్యాహ్నం కోర్టు సాక్ష్యానికి, రాత్రి తీర్థానికి వెళ్లేవాడు. కేసు డైరీ రాసేది వాటి మధ్యలో ఎప్పుడో, జీపులో. 2015 జూలై 14న రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి 27 మంది పోయిన రోజున మా జిల్లాలోని స్టేషన్లన్నీ సగం ఖాళీ, మనుషులంతా ఘాట్ల దగ్గరే ఉన్నారు. అంతమంది ఉండీ ఆపలేకపోయాము. మళ్లీ 2027లో పుష్కరాలు వస్తున్నాయి.

రెండేళ్ల స్థానం గురించి ప్లీడరు గారు రాశారు. నా చివరి స్టేషనులో మూడేళ్లలో ఐదుగురు ఎస్సైలు మారారు. ఐదోవారికి ఊరి పొలిమేరలు నేనే చూపించాను.

నరసాపురం జవాను

సరే, స్టేషనులు రాష్ట్రంవే ఉండనివ్వండి. కానీ రాష్ట్రం దాటే మోసానికి, ముఖ్యంగా ఫోనులో జరిగే దోపిడీకి, కేంద్రం చేతిలో ఒక కొస ఉండక తప్పదు. సైబరు మోసానికి 1930 నంబరుకు ఫోను చేస్తే డబ్బు ఏ రాష్ట్రంలోని బ్యాంకు ఖాతాకు పోయినా ఆపించే ఏర్పాటు కేంద్ర హోం శాఖ చేసిందే. దాన్ని ఏ రాష్ట్రమూ తన హక్కుకు భంగమని అనలేదు. రొయ్యల మోసానికీ అలాంటిదొకటి ఉంటే బాగుండునని నా కోరిక. నక్సలైట్లను ఎదుర్కొనే ప్రత్యేక దళం గ్రేహౌండ్సును 1989లో మన రాష్ట్ర పోలీసే తయారుచేసుకుంది, తర్వాత దేశమంతా దాన్ని చూసి నేర్చుకుంది, ఆ గొప్పను నేను కాదనను.

గౌతమి ఒడ్డు, యానాం

దానికి నేనూ ఒప్పుకుంటాను. మా వంతెన మీద మాత్రం గీత ఎక్కడుందో ముందుగా ఎవరైనా రంగు వేసి చూపిస్తే మేలు.

ఆకివీడు చెరువుగట్టు

అందరికీ కృతజ్ఞతలు. నేను అడిగిన ప్రశ్న తప్పుగా అడిగానని ఇప్పుడు అనిపిస్తోంది. ఆ రోజు స్టేషనులో నా కాగితం తీసుకోని మనిషికి జీతం ఢిల్లీ ఇచ్చినా తీసుకునేవాడు కాదు. అయినా అవతలి రాష్ట్రంలో మన కానిస్టేబుళ్లను పూటంతా కూర్చోబెట్టడం నాకు మింగుడుపడటం లేదు, దానికి ఇంతమందిలో ఎవరి దగ్గరా సరైన మందు దొరకలేదు.

పాలకొల్లు ప్లీడరు

ఆ మందు నా దగ్గరా లేదు. ఒక్క విషయం చెప్పండి, మీ ఎఫ్ఐఆర్ నమోదై ఎన్నాళ్లయింది? నేర విచారణ పద్ధతికి వచ్చిన కొత్త చట్టం, నాగరిక సురక్షా సంహిత 193వ సెక్షను ప్రకారం, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల లోపల ఫిర్యాదుదారుకు పోలీసులు తెలియజేయాలి. మీకు అలాంటి కబురేదైనా వచ్చిందా?

ఆకివీడు చెరువుగట్టు

నిన్నటికి 124 రోజులు. కబురేమీ రాలేదు.

పాలకొల్లు ప్లీడరు

అయితే సోమవారం ఎఫ్ఐఆర్ నకలు, లారీ ఎక్కించిన రాత్రి రాసుకున్న తూకం చీటీ, అతడు ముందు రెండుసార్లు ఇచ్చిన డబ్బుకు బ్యాంకులో వేసిన రసీదులు తీసుకుని పాలకొల్లు రండి. ముందు రెండుసార్లు సక్రమంగా ఇచ్చాడన్నదాన్ని వాళ్లు వ్యాపార లావాదేవీకి రుజువుగా చూపుతారు. మూడోసారి మోసానికే ముందు రెండుసార్లు నమ్మించాడని మనం చూపాలి. ఎస్పీ గారికి ఇవ్వవలసిన అర్జీ నేను రాస్తాను. హెడ్డు గారూ, ఇతర రాష్ట్రానికి నాలుగుసార్లు వెళ్లానన్నారు గదా, వీలైతే మీరు కూడా రండి.

రామచంద్రపురం విశ్రాంత హెడ్డు

పదిన్నర బస్సుకు వస్తాను. తూకం చీటీ అసలుది ఎవరికీ ఇవ్వకండి, జిరాక్సే ఇవ్వండి.